ఎలుకలకు తగ్గింది

షాలిని పరిశోధన గురించి పేపర్లో వచ్చిన వార్త సగం నిజమే. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే రేణువులు మందును మోసుకుని కేన్సర్ గడ్డకు చేరతాయి. ఎక్కడికి చేరాయో స్కానింగులో కనిపిస్తుంది. ఇదంతా ఎలుకల్లో జరిగిందన్న మాట మాత్రం విలేకరి వదిలేశాడు. ‘జుట్టు ఊడని కేన్సర్ మందు: కోటబొమ్మాళి అమ్మాయి ఘనత’ అని శీర్షిక పెట్టాడు.

సరిదిద్దమని ఫోన్ చేద్దామనుకుంది షాలిని. ప్రాజెక్టు నిధులు మంజూరయ్యేదాకా ఊరుకోమన్నారు గైడు. ఊరుకుంది.

ఊళ్లో ఆమె తండ్రి పాల్ ఆ పేపరు పట్టుకుని ఆదివారం చర్చిలో ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పాడు. పక్కింటి గణపతిరావుకూ ఒక కాపీ ఇచ్చాడు. గణపతిరావు భార్య ఈశ్వరికి రొమ్ము కేన్సర్. విశాఖలో మందు ఎక్కించుకుంటోంది.

ఐదు నెలలకు సెలవు మీద వచ్చిన షాలినికి, ఈశ్వరి రెండు విడతలతోనే వైద్యం మానేసిందని తెలిసింది. వెంటనే వెళ్లింది.

ఈశ్వరి మంచం మీద కూర్చునుంది. ఊడిన జుట్టు మళ్లీ బెత్తెడు పెరిగింది. ఎడమచెయ్యి వాచిపోయింది.

“వొచ్చీసినావా పాపా. నీ మందు ఎప్పుడొస్తాది?”

మనుషులకు ఇంకా ఇవ్వలేదనీ, పదేళ్లు పట్టొచ్చనీ, అసలు రాకపోవచ్చనీ షాలిని నేల చూస్తూ చెప్పింది.

“మరి తగ్గిపోనాదని రాసినారు?”

“ఎలకలకి, పిన్నీ.”

ఈశ్వరి వాచిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. “ఆ ముక్క అప్పుడే సెప్పీవలసింది,” అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది షాలినికి.

మర్నాడు భార్యాభర్తలిద్దరినీ తనే విశాఖ తీసుకెళ్లింది. ఊపిరితిత్తులకు పాకిందనీ, ఇంక నొప్పి తగ్గించడమే తమ చేతిలో ఉందనీ డాక్టరు చెప్పాడు. తిరుగు రైల్లో ఈశ్వరి నిద్రపోయాక గణపతిరావు నెమ్మదిగా నోరు విప్పాడు.

“అది ఆసుపత్రికి ఎల్తానన్నాది. కొత్త మందొస్తాది, ఈ బాధెందుకని నానే ఆపీసినానమ్మా.”

ఈశ్వరి మాఘంలో పోయింది. కబురు తెలిసి షాలిని వచ్చేసరికి పాడె కడుతున్నారు. గణపతిరావు తల్లి తాతమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“నువ్వు లోనికి రాకు. నీ మందు కోసమే నా కోడలు ఆసుపత్రి మానీసింది.”

నాలుగడుగుల దూరంలో ఉన్న గణపతిరావుకు ఆ మాట వినబడింది. షాలిని వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. తల్లికి ఏమీ చెప్పలేదు.

షాలిని కూడా చెప్పలేదు. వీధిలోకి వచ్చి, పాడె లేచేదాకా ఎండలో నిలబడింది.