సివంగికి చీర గీసిన పెన్ను

నేను ఒక పెన్నుని. సిరా లేదు, పాళీ లేదు. పలక మీద నన్ను కదిపితే కంప్యూటర్లో బొమ్మ పడుతుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో పడుకుని హైదరాబాదు వచ్చాను, కొట్లాట వీడియో గేములు తయారుచేసే ఆఫీసుకి.

నా మొదటి యజమాని రోహిణీకుమార్. మంచివాడే. నాచేత ఒక యోధుడికి మెడ నుంచి మడమ దాకా ఇనప కవచం గీయించాడు. పక్కనే యోధురాలు. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఇనుము అయిపోయింది కాబోలు, రెండు చిప్పలతో సరిపెట్టాడు. కాళ్లకి మాత్రం జానెడు ఎత్తు హైహీల్స్! కత్తిపోట్లు మగాళ్లకే తగులుతాయేమో అనుకున్నాను. పెన్నుని, నాకేం తెలుసు?

అతను వేరే కంపెనీకి వెళ్లిపోయాక వకుళ చేతిలో పడ్డాను. ఆ పిల్లకి మొదటిసారి సొంతంగా ఒక యోధురాలిని గీసే అవకాశం వచ్చింది. పేరు సివంగి, ఆయుధం కర్ర. వకుళ సివంగికి గోచీ పోసి బిగించిన చీర గీసింది. ఆఫీసు పెద్ద రాజారత్నంగారు వచ్చి నన్ను లాక్కున్నారు. నా ఒంటి మీదున్న బొత్తాం నొక్కితే గీసింది చెరిగిపోతుంది. ఆయన సగం చీర చెరిపేసి, హైహీల్స్ తగిలించారు.

"ఆడేవాళ్లంతా కుర్రాళ్లమ్మా. శుక్రవారానికి ఇలాగే పూర్తి చెయ్యి. లేదంటే సివంగిని ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఆయన అటు వెళ్లగానే వకుళ చీర మళ్లీ గీసింది. ఆయన మళ్లీ చెరిపారు. ఆమె మళ్లీ గీసింది. మధ్యలో నా ముక్కు అరిగి చచ్చాను! అయినా ఆ మొండితనం చూస్తే ముద్దొచ్చింది.

శుక్రవారం నాడు విజయనగరం నుంచి కర్రసాము నేర్పే అప్పలనరసమ్మని పిలిపించారు. ఆవిడ ఒంటికి బుల్లి పరికరాలు కడితే, ఆవిడ ఎలా కదిలితే తెర మీద సివంగి అలా కదులుతుంది. నడక బొమ్మకి సరిపోవాలని రాజారత్నంగారు ఆవిడకి హైహీల్స్ కూడా తెప్పించారు. ఏం తెలివండీ!

అప్పలనరసమ్మ తెర మీద, రాజారత్నంగారు సగం చీర చెరిపిన బొమ్మని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, ఈ పిల్ల కొట్లాటకెల్తన్నాదా, తానానికెల్తన్నాదా? తానానికయితే ఈ జోళ్లెందుకూ?"

అయినా వేసుకుంది. కర్ర ఒక్కసారి తిప్పేసరికి మడమ మెలికపడి కూలబడింది. వకుళ పరుగెత్తింది. ఈలోగా ఆవిడే జోళ్లు విసిరేసి లేచి, సంచిలోంచి చీర తీసి, తొడుక్కున్న బట్టల మీదే గోచీ పోసి, కొంగు నడుముకి బిగించింది. కర్ర గిర్రున తిరిగింది. తెర మీద సివంగి ఎగిరి తన్నింది. ఆఫీసంతా లేచి నిలబడింది.

"ఇలగుంటే తన్నగల్ను బాబూ. ఆ జోళ్లు ముద్దయితే మీరేసుకుని తన్నండి."

రాజారత్నంగారు నన్ను అందుకున్నారు. అలవాటుగా వేలు బొత్తాం మీదకి పోయింది. వకుళ ఆయన ఎదుట నిలబడి చెయ్యి చాపింది.

"నా పెన్ను ఇవ్వండి సార్. సివంగి నాది."

ఇచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు గేము బయటికొచ్చి, సివంగి ఆ చీరతోనే ఊళ్లేలుతోంది. నేను సొరుగులో పడి ఉన్నాను. బొత్తాం పాడైంది, చెరపడం ఇక నా వల్ల కాదు. వకుళకి కొత్త పెన్ను వచ్చింది. నిన్న తను రోహిణీకుమార్ గీసిన పాత యోధురాలి బొమ్మ తెరిచి, కాసేపు చూసి, సొరుగు లాగి నన్నే బయటికి తీసింది.

"నువ్వు చాలే. ఇక్కడ చెరపాల్సిందేమీ లేదు, వెయ్యాల్సిందే ఉంది" అంది.

మెడ దగ్గర కవచం మొదలుపెట్టాం.