తొమ్మిది మాటలు

మాడిన పాలగిన్నె తోమడం కంటే బురద జెర్సీ ఉతకడం నయం. బురద నానబెడితే వదులుతుంది. పాల మాడు అలా వదలదు, ఎంత రుద్దినా అడుగున నల్లగా ఉండిపోతుంది. ఆమె పీచు పట్టుకుని కుస్తీ పడుతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నలభై ఏళ్ళ కాపురంలో నేనొక్క గిన్నె మాడ్చలేదమ్మా. నువ్వు మూడు వారాల్లో నాలుగు. పొయ్యి ముందే నిలబడ్డావు, పాలు పొంగి పోతుంటే గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నావు. ఏ లోకంలో ఉన్నావసలు?"

ఏ లోకమో తెలిస్తే ఆమె ఎప్పుడో చెప్పేది. పొయ్యి వెలిగించడం గుర్తుంది. అత్తగారి కేక గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో తెలియదు. "పొరపాటైంది అత్తయ్యా," అని మళ్ళీ గిన్నె మీద పడింది. అత్తగారి లెక్కలో ఇదంతా ఆట తెచ్చిన పొగరు. పేపర్లో ఫొటో పడ్డ కోడలికి పాలగిన్నె ఏం ఆనుతుంది!

నిజానికి కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఫుట్‌బాల్ క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. ముందున్నవాళ్ళు గోలు కొట్టి చప్పట్లు కొట్టించుకుంటారు. మధ్యలో ఉన్న మనిషి అందరికీ బంతి అందించాలి, అందరి తప్పుల వెనకా పరిగెత్తాలి. బంతి కాలి దగ్గరికి రాకముందే రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఎవరెక్కడున్నారో బుర్రలో వేసుకోవాలి. "దీనికి వీపున కూడా కళ్ళే," అని కోచ్ మురిసిపోయేది. ఆ అలవాటు ఆమెతోపాటు ఇంటికీ వచ్చింది. కూర తరుగుతూనే కూతురు పళ్ళు తోముకుందో లేదో, అత్తగారి మాత్రలు ఎన్ని మిగిలాయో, భర్త చొక్కాకి ఇస్త్రీ అయిందో లేదో అన్నీ తల తిప్పకుండా తెలిసిపోయేవి. ఒకసారి స్నేహితులొస్తే ఆయనగారు కాలు మీద కాలేసుకుని, "మా ఆవిడ ఇంట్లో కూడా మిడ్‌ఫీల్డేరా, అందరికీ అందించడమే పని," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి టీ కప్పులు అందించింది. క్లబ్బులో మాత్రం ఏం తక్కువ? మగవాళ్ళ జట్టు బట్టలు ఉతకడానికి ఇద్దరు మనుషులున్నారు. ఆడవాళ్ళు ఎవరి జెర్సీ వాళ్ళు ఇంటికి మోసుకెళ్ళాలి. ఎలాగూ ఇంట్లో ఉతుకుతారుగా అని మేనేజరుగారు సెలవిచ్చారు.

లీగుకి సెలవులివ్వకముందు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో, గాల్లో వస్తున్న బంతి కోసం ఆమె, అవతలి జట్టు పిల్ల ఒకేసారి ఎగిరారు. తలలు రెండూ ఠక్కున కొట్టుకున్నాయి. లేచింది, స్కోరెంతో అడిగితే చెప్పింది, చివరిదాకా ఆడింది. ఆడదంటే ఇలా ఉండాలి అన్నారు అందరూ. ఆ సాయంత్రమే మొదటి గిన్నె మాడింది.

తలకి దెబ్బ తగిలితే క్లబ్బు డాక్టరమ్మ ఒక పరీక్ష పెడుతుంది. పదిహేను మాటలు చదివి, కాసేపు బొమ్మలేవో గీయించి, ఆ మాటల్లో ఎన్ని గుర్తున్నాయో చెప్పమంటుంది. సీజను మొదట్లో, తల బాగున్నప్పుడే అందరికీ ఒకసారి ఇదే పరీక్ష పెట్టి ఫైల్లో ఉంచుతుంది. దెబ్బ తర్వాత వచ్చినదాన్ని దానితో పోలుస్తుంది. దీనికి జట్టులో ఒక కిటుకుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి సీనియర్లు చెవిలో చెబుతారు: మొదటిసారి తెలిసినవన్నీ చెప్పకు, తగ్గించి చెప్పు, రేపు దెబ్బ తగిలినా తేడా కనపడదు, నిన్ను కూర్చోబెట్టరు. ఆమె కూడా ఈ ఏడాది పదిహేనూ గుర్తుండి తొమ్మిదే చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాటంటే భర్త వీపు తట్టి, "బతకనేర్చినదానివే!" అన్నాడు. ఆయన మెచ్చుకోవడమే అరుదు కాబట్టి ఆమె ఆ రోజంతా హుషారుగా తిరిగింది.

ఎల్లుండి మళ్ళీ మ్యాచ్. రెండేళ్ళ కొత్త ఒప్పందం మీద సంతకం ఇవాళ. అంతకు ముందు, సెలవుల వల్ల ఆగిపోయిన డాక్టరమ్మ పరీక్ష. "జాగ్రత్త, ముప్ఫైరెండేళ్ళొచ్చాయి. ఇది పోతే నిన్నింక ఎవరు పిలుస్తారు? ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అని భర్త పొద్దుటినుంచి పాడిందే పాడుతున్నాడు. ఇంట్లో కూర్చోవడమనే పని ఆమె ఎన్నడూ చేసి ఎరగదు.

ఒప్పందం పోతుందన్న భయం ఒక ఎత్తు. నిన్న బడి దగ్గర జరిగింది ఇంకొక ఎత్తు. కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోయింది. అటు చూసింది, ఇటు చూసింది. ఏమీ లేదు. అడుగు ముందుకేసింది. ఐదేళ్ళ పిల్ల రెండు చేతులా పట్టి వెనక్కి లాగకపోతే, ముక్కు ముందునుంచి దూసుకుపోయిన వ్యాను ఇద్దరినీ తీసుకుపోయేది. అంత పెద్ద వ్యాను. హారన్ మోగిస్తూనే వచ్చిందట. "నేను అమ్మా అమ్మా అని పిలిచాను కదా, ఎందుకు పలకలేదు?" అని పిల్ల ఏడ్చింది. వీపున కళ్ళున్న మనిషికి ఎదురుగా ఉన్నది కనపడలేదు. ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని, చప్పుడు బయటికి పోకుండా కుళాయి తిప్పి ఏడ్చింది.

అందుకే డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు గట్టిగా అనుకుంది, ఇవాళ ఏదీ దాచకూడదు. పన్నెండో పదమూడో వస్తే చాలు, ఇదంతా ఉత్త భయమేనని తేలిపోతుంది. డాక్టరమ్మ చదువుతుంటే ఒక్కో మాటనీ లోపల మళ్ళీ అనుకుంది. బొమ్మలు గీసింది.

"ఇప్పుడు చెప్పండి."

"చెంచా. నిచ్చెన. మబ్బు. గుండీ. ఎలుక. రైలు." ఒక్కో వేలు ముడుస్తూ పోయింది. "తాళం. జామకాయ." కాసేపు ఆగింది. "దుప్పటి." పదో వేలు అలాగే లేచి ఉంది. వెతికింది. మాటలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. కనీసం నాలుక చివర ఆడుతున్నట్టు కూడా లేదు.

"ఇంకా?"

"అంతే."

డాక్టరమ్మ ఫైలు తిప్పి చూసి నవ్వింది. "తొమ్మిది. అప్పుడూ తొమ్మిదే. భేషుగ్గా ఉన్నారు. ఎల్లుండి ఆడొచ్చు."

ఆమె ఇన్నాళ్ళూ తప్పుతానేమోనని భయపడింది. నెగ్గాక ఇంత భయం వేస్తుందని అనుకోలేదు. తన తల పాడైందని ఈ లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ తెలిసే దారి లేదు, ఆ దారి మూసింది కూడా తనే.

వరండాలో భర్త ఒప్పందం కాగితాలు, పెన్ను పట్టుకుని తయారుగా ఉన్నాడు. "ఎన్ని?"

"తొమ్మిది."

"అదీ! సరిగ్గా అంతే చెప్పావు చూడు. నటన అంటే నీదే."

"నేను నటించలేదండీ," అంది. "అన్నీ చెబుదామనే కూర్చున్నాను. అంతే గుర్తొచ్చాయి."

ఆయన మొహంలో నవ్వు పోయింది. మాట అర్థమైంది, అందులో సందేహం లేదు. ఒక్క క్షణం ఆమె నుదుటి వైపు చూశాడు. ఆ ఒక్క క్షణం ఆమె ఎంత ఆశపడిందో! చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడనుకుంది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ మాట ఇంకెక్కడా అనకు," అన్నాడు. "ఎల్లుండి ఒక్కటీ ఆడెయ్. తల అడ్డం పెట్టకు, అంతే. తర్వాత చూసుకుందాం." పెన్ను మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె పెన్ను కుర్చీలో పెట్టి వెనక్కి తిరిగింది. ఆయన పిలుస్తున్నాడు, పేరు పెట్టి కూడా పిలుస్తున్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"డాక్టరుగారూ, మొదటిసారి నాకు పదిహేనూ గుర్తున్నాయి. కావాలనే తొమ్మిది చెప్పాను. ఇవాళ తొమ్మిదే ఉన్నాయి."

డాక్టరమ్మ చేతిలో పని ఆపేసింది. ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా అడిగింది. "ఇది మీ ఇంట్లోవాళ్ళకి చెప్పారా?"

"మా ఆయనకి చెప్పాను," అంది. "ఆడమన్నారు."