పైపొర కింద

పాథాలజీ డాక్టరమ్మది ఉడుంపట్టు. ఆ సంగతి ఆసుపత్రిలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆమె తమ్ముడు, అతనక్కడే సర్జను. మర్నాడు పొద్దున్నే అతను ఒక బస్సు డ్రైవరు అన్నవాహిక కోసి తీసేయాలి. అందులోని గడ్డ క్యాన్సరేనని బయటి ల్యాబు తేల్చేసింది. ఆఖరుగా ఓసారి చూడమని ఆ స్లైడునీ, మైనంలో బిగించిన గడ్డ ముక్కనీ అక్కకు పంపాడు.

మైక్రోస్కోపులో పైపొర మందంగా పెరిగి, వేళ్లలా కిందికి దిగింది. చూడగానే ఎవరైనా క్యాన్సరనే అంటారు. కానీ కణాలు మాత్రం బుద్ధిగానే ఉన్నాయి. పొర కింద ఏముందో స్లైడులోకి రాలేదు. క్యాన్సరేనని ఆమె సంతకం పెట్టలేదు.

“నీకు అనుమానం జబ్బక్కా. థియేటరు సిద్ధంగా ఉంది,” అన్నాడు తమ్ముడు గుమ్మంలోనే నిలబడి.

“థియేటరుకేంరా, ఎక్కడికీ పోదు. తీసేసిన అన్నవాహిక మళ్లీ మొలుస్తుందా?”

“నిజంగా క్యాన్సరైతే? ఆలస్యం నీవల్లేనని చెప్పనా?”

అయినా ఆమె మైనంలోని ఆ ముక్కనే ఇంకా లోతుగా కోయించింది. తమ్ముడు సణుక్కుంటూ ఆపరేషను వాయిదా వేశాడు.

కొత్త స్లైడులో పైపొర కింద పెద్ద పెద్ద కణాలు, లోపల సన్నటి ఇసుక నింపినట్టు. నరాల తొడుగు కణాలకు పట్టే రంగు వేయిస్తే ఇట్టే పట్టేసింది. అరుదైన గడ్డ, దాదాపు ఎప్పుడూ సాధువే. కాకపోతే తన మీది పొరను రెచ్చగొట్టి దానిచేత క్యాన్సరు వేషం వేయిస్తుంది.

తమ్ముడు వచ్చి ఆ స్లైడును మైక్రోస్కోపులో చూశాడు.

“ఎండోస్కోపుతోనే తీసేయొచ్చు,” అన్నాడు తలెత్తి. “చేతులారా కోసేసేవాణ్ణక్కా.”

“కోయలేదుగా. పద, ఆయనకు చెబుదాం.”

వార్డులో డ్రైవరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక చేసేదేం లేకే ఆపరేషను మానేశారని ఆయనా, భార్యా అనుకుంటున్నారు. భార్య తెచ్చిన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఇద్దరు డాక్టర్లు కలిసి రావడం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

తమ్ముడు మంచం అంచున కూర్చుని విషయమంతా చెప్పాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. డ్రైవరు లేచి కూర్చున్నాడు.

“ఈవిడెవరండీ?”

“మా అక్క. ఎవరి మాటా వినదు.”

“వినకపోవడమే మంచిదైంది తల్లీ,” అని చేతులు జోడించాడు డ్రైవరు. తరవాత భార్య వైపు తిరిగి, “ఏడుపు తరవాత. ముందు ఆ డబ్బా ఇలా ఇయ్యి,” అన్నాడు.

“మెల్లగా నమలండి,” అందామె ముక్కు చీదుకుంటూ.

డాక్టరమ్మ ఇన్నేళ్లలో చూసినవన్నీ గాజుపలక మీది ముక్కలే. మొదటి ముద్ద ఆయన గొంతు దిగేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.