ఎంపాకో లేని పిల్ల

ఉగాండాలో మా టోరో జాతి వాళ్ళలో ఎవరినీ ఉత్త పేరుతో పలకరించరు. పేరు కాక ప్రతివాళ్ళకీ ఒక ఎంపాకో ఉంటుంది, ఆప్యాయంగా పిలుచుకునే పిలుపు. రాత్రంతా పోట్లాడుకున్న అత్తాకోడళ్ళు కూడా పొద్దున్నే ఎంపాకోతోనే పలకరించుకుంటారు. నాది అడ్యేరి.

పక్క ఊరి బడితో ఆడిన నెట్‌బాల్ పోటీలో చివరి బంతి నా చేతుల్లోంచి జారిపోయింది. ఓడిపోయాం. మా జట్టు నాయకురాలు తుహాయిసె. ఏడో తరగతిలో ఆమె నవ్వితేనే అందరూ నవ్వుతారు. ఆమె పక్కన చోటు కోసం కాల్చిన మొక్కజొన్న పొత్తులు తెచ్చిచ్చేవాళ్ళున్నారు. తిరిగొస్తుంటే దారిలో అంది:

"ఇవాళ్టి నుంచి దీనికి ఎంపాకో లేదు. ఎవరైనా పిలిచారో, వాళ్ళకీ ఉండదు."

మర్నాడు తరగతి గది పేడతో అలుకుతున్నాం. తుహాయిసె వరసగా పలకరిస్తూ వచ్చింది.

"అబ్వోలీ, బాగున్నావా? అకీకీ, మీ అమ్మకి జ్వరం తగ్గిందా?" నా దగ్గర ఆగింది. "ఏయ్ చిల్లుచేతులూ! పేడైనా జారకుండా పట్టుకుంటావా?"

గది ఘొల్లుమంది. నేను కెమిగిసా వైపు చూశాను. మొదటి తరగతి నుంచీ మా ఇద్దరిదీ ఒకే బల్ల. ఆమె ఒక్కతి పిలిస్తే చాలు. కెమిగిసా తలెత్తలేదు. అలికిన చోటే మళ్ళీ అలుకుతూ ఉండిపోయింది.

ఈ సంగతి చివరికి టీచర్ చెవిన పడింది.

"సిగ్గులేదూ మీకు? పగవాళ్ళకైనా ఎంపాకో ఎగ్గొడతారా? లేవండి! అందరూ గట్టిగా పిలవండి."

"అ-డ్యే-రీ!"

"సరిగ్గా వినపడినట్టు లేదు టీచర్, మళ్ళీ పిలవమంటారా?" తుహాయిసె ఎంతో వినయంగా అడిగింది.

"పిలవండమ్మా," అంది టీచర్, సంతోషంగా.

ఆ తర్వాత ఇక ఆగలేదు. ఆటస్థలంలో, బావి దగ్గర, దారి పొడుగునా కోళ్ళని పిలిచినట్టు సాగదీసి, "అడ్యేరీ!" ఒకటో తరగతి పిల్లలు కూడా నేర్చుకున్నారు. టీచర్‌కి ఏమని చెప్పను? మర్యాదగానే పిలుస్తున్నారు.

ఒక సాయంత్రం బడి నుంచి ఒంటరిగా వెళ్తుంటే వెనక అడుగులు వినిపించాయి. కెమిగిసా. చుట్టూ ఎవరూ లేరు.

"అడ్యేరీ," అంది మెల్లగా. "నాతో మాట్లాడవూ?"

ఆ గొంతులో వెటకారం లేదని నాకు తెలుసు. అయినా భుజాలు ముడుచుకుపోయాయి.

"అలా పిలవకు."

"మరి ఏమని పిలవను?"

నడక వేగం పెంచాను. ఆమె మళ్ళీ పిలవలేదు.