ఎవరూ లేవని మీటింగు

టైలరమ్మ ముందుగదిలో వారం వారం జరిగే మీటింగుకు ఒక రూలుంది. పదిమందిలో ఏ ఒక్కరి కిస్తీ అందకపోయినా మిగతా తొమ్మిదిమందీ చాప మీద నుంచి లేవకూడదు. అప్పు డబ్బు బ్యాంకుది, వసూలు మైక్రోఫైనాన్సు సంస్థది, పూచీ మాత్రం ఈ పదిమంది ఆడవాళ్లది. పెద్దమనుషులు బాగానే పంచుకున్నారు.

ఆ రోజు అందనిది ఇస్త్రీ అక్క కిస్తీ. మూడు వారాల కిందట వేడి ఇస్త్రీపెట్టె జారి కుడిచెయ్యి కాలింది, మోచేతిదాకా కట్టు. రెండు వారాలు తలా కాస్త వేసుకుని ఆమె వాటా కట్టారు. ఈసారి ఎవరి దగ్గరా చిల్లిగవ్వ మిగల్లేదు.

"పోయిన వారం చెప్పానుగా, పెట్టె తెచ్చారా? అమ్మి జమ చేసుకుంటాం," అన్నాడు ఫీల్డు ఆఫీసరు, చేతిలోని ట్యాబు నుంచి తలెత్తకుండా. "చెయ్యెలాగూ పనిచేయట్లేదు కదమ్మా."

ఇస్త్రీ అక్క నిజంగానే తెచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. ఎడమచేత్తో దాన్ని చాప మీద ముందుకు జరిపింది.

టైలరమ్మకు ఒళ్లు మండింది. కట్టు విప్పాక ఈవిడ అరచేత్తో రుద్దుతుందా బట్టల్ని? పెట్టెను లాక్కుని తన కుట్టుమిషను కింద పెట్టింది.

"పెట్టె కదలదు సార్. కిస్తీ లేదు. మీ రూలు ప్రకారం మేమూ లేవం."

"కూర్చోండి, నాకేం," అని నవ్వాడతను.

కూర్చున్నారు. కూరగాయల పిన్ని చిక్కుళ్లు ఒలవడం మొదలుపెట్టింది. టైలరమ్మ ఒక లంగా అంచు మడిచి చేత్తో కుట్టసాగింది. అరగంటకు అతని ఫోను మోగింది. పక్కవీధి గ్రూపు ఎదురుచూస్తోంది. లీడరుగా టైలరమ్మ వేలిముద్ర వేస్తేగానీ ఈ మీటింగు ట్యాబులో ముగియదు, ఇది ముగిస్తేగానీ తర్వాతిది తెరుచుకోదు.

"మొండికేస్తే మీ గ్రూపుకి కొత్త అప్పు రాదు. రెండో మిషను కొంటానన్నారుగా, ఆలోచించుకోండి."

ఆ మిషను కోసం టైలరమ్మ ఏడాదిగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. సూది గుచ్చి దారం లాగింది.

"రాకపోతే మానె. ప్రమాణంలో ఐదో మాటేంటి సార్?"

అతను తలెత్తాడు. రెండేళ్లుగా ప్రతి మీటింగు చివరా చెయ్యి చాపించి చెప్పిస్తున్న ప్రమాణమే. వాళ్లు చెబుతుంటే తను డబ్బు లెక్కపెట్టుకునేవాడు.

"ఐదోది... సమయపాలనా?"

కూరగాయల పిన్ని కిసుక్కున నవ్వింది. ఎవరూ అడక్కుండానే ఇస్త్రీ అక్క నోరు విప్పింది.

"తోటి సభ్యురాలు జబ్బుపడితే ఆమె పనిముట్టు పోనివ్వం."

"అది మీ సంస్థ రాసిందే," అంది టైలరమ్మ. "వేలిముద్ర వేసేటప్పుడు వారం వారం చూస్తున్నా, మీ ట్యాబులో అనారోగ్యం అని ఒక గడి ఉంది. దాన్నెప్పుడైనా నొక్కారా?"

ఫోను మళ్లీ మోగింది. అతను తీయలేదు. ఆ గడి నొక్కాడు. నాలుగు వారాల గడువు అని తెర మీద దానంతటదే వచ్చింది. ఇంత సులువైన పని చేయక ఇన్నాళ్లూ ఒక మనిషి బతుకుతెరువు మీదికి తెచ్చాడని టైలరమ్మకు మరింత కోపమొచ్చింది. ఆ పదాలు రెండుసార్లు చదివి, అప్పుడు వేలు ఆనించింది.

"ఇక లేవచ్చా అమ్మా?" అన్నాడతను.

లేవడానికి అనుమతి అడిగింది తనేనని అతనికి ఆలస్యంగా తెలిసింది.

"ప్రమాణం అయ్యాక, సార్."

పదిమందీ లేచి చేతులు చాపారు. అతనూ చాపాడు. నాలుగు మాటలు వాళ్ల వెనకే పెదవులు కదిపి గట్టెక్కాడు. ఐదో మాట దగ్గర ఇస్త్రీ అక్క ఆగిపోయింది, ఆమెతో పాటు అందరూ ఆగారు. అతనొక్కడే ఆ మాట పూర్తిగా చెప్పేదాకా ఆరోది ఎవరూ ఎత్తుకోలేదు.