మొగ్గలు గిల్లని సాయంత్రం

దశరథ్ అందరి ముందూ కౌసల్య కుడిచెయ్యి పట్టుకుని, సంతలో పుచ్చు వంకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు వంగింది వంగినట్టే ఉంది. మిగతా వేళ్ళకు స్పర్శ లేదు.

"గీ చెయ్యితోని ఏం పనైతది? రేపటి సంది నీ బిడ్డ నిరోషను తోలియ్యి. లేత చెయ్యి, జల్దీ గిల్లుతది."

ఎంత సులువుగా అన్నాడు, దొంగసచ్చినోడు! కంపెనీకి పత్తి విత్తనం పండించి ఇచ్చే ఆర్గనైజరు వాడు. అలంపూర్ దగ్గర ఈ చేను కౌలుకు పట్టాడు. రోజూ సాయంత్రం ఆడవాళ్ళు గోరుతో మొగ్గను చీల్చి, లోపలి పుప్పొడి కాడల్ని గిల్లి పారేయాలి. అప్పుడే పొద్దున వేరే రకం పువ్వు రుద్దడానికి వీలవుతుంది. కౌసల్య కాపురానికి వచ్చినప్పటి నుంచీ గిల్లుతూనే ఉంది. గోరు పుండైంది, మణికట్టు బిగిసింది. ఇప్పుడు రవిక హుక్కు కూడా నిరోషే పెట్టాలి. దవాఖానలో డాక్టరు నరం నలిగిందన్నాడు, పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

డిగ్రీ చదివే పిల్లను ఈ చేలో దింపనని కౌసల్య ఏనాడో ఒట్టు పెట్టుకుంది.

"నా బిడ్డ రాదు. చెయ్యి నీ చేన్ల పోయింది, దవాఖానల నువ్వే సూపియ్యాలె. పొద్దున రుద్దే మగపూలు తెంపే పనన్న నాకియ్యి."

"గట్లైతే ఇంట్ల పండు."

సాలులోంచి గుర్వమ్మ లేచింది. ఎవడికీ జంకని ముసలిది.

"ఓ సారూ! ఇయ్యాల కౌసల్యది, రేపు నాది. మా చేతులన్నీ అయిపోతే మా మనుమరాండ్లయి కోస్కపోతవా? ఏమే, మీల ఎవ్వతికి రాత్రి చెయ్యి తిమ్మిరెక్కదో చెప్పున్రి!"

సాలుల్లో ఆడవాళ్ళు తమ చేతులు చూసుకున్నారు. గుర్వమ్మ పోయి గట్టు మీద కూర్చుంది. పక్క సాలులోంచి త్రివేణి లేచింది. వెనకే ఒక్కొక్కరూ లేచారు. పొద్దుగూకేలోగా గిల్లకపోతే ఆ పువ్వు తనకు తానే కాయ కడుతుంది, విత్తనం కల్తీ అవుతుంది. అందుకే దశరథ్ ముఖం నల్లబడింది.

"వానిదేం పోదు అవ్వా, మన పొయ్యి ఆరుతది," అంది గట్టు మీద కూర్చుంటూనే శైలజ భయంగా.

"చేతులే లేనంక పొయ్యెట్ల ముట్టిస్తవే?"

దశరథ్ ఫోన్ చేశాడు. తుంగభద్ర అవతల నుంచి ఆటోల నిండా కూలీలు దిగారు. వెనకాలే పోలీసు జీపు వచ్చింది. కౌసల్య పోయి కూలీలకు అడ్డం నిలబడింది. ముందున్న షరీఫున్నీసా అనే పెద్దామె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. కౌసల్య ఆ చెయ్యి పట్టుకుంది.

"నీది గూడ పోయిందా అక్కా?"

"పోయినాదమ్మా. ఏం జేస్తాం? మాకూ కడుపులుండాయి కదా."

మెల్లగా చెయ్యి విడిపించుకుని ఆమె సాలులోకి దిగింది. మిగతావాళ్ళూ దిగారు. కౌసల్యకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఎంత పాడు బతుకులు!

"ఎవరే లీడరు?" ఎస్సై అరిచాడు.

"లీడర్లు లేరు సారూ, చేతులు పోయినోళ్ళం," అంది గుర్వమ్మ.

దశరథ్ కౌసల్యను చూపించాడు. కానిస్టేబుల్ ఆమెను జీపులోకి తోశాడు. ఎవరు చెప్పారో, ఊళ్ళోంచి నిరోష రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. దశరథ్ ఎదురెళ్ళాడు.

"సాల్ల దిగు బిడ్డా. మీ అమ్మను ఇప్పుడే ఇడిపిస్త."

"దిగకే!" కౌసల్య గొంతు చించుకుంది.

నిరోష జీపు వైపు చూసింది. చెప్పులు విడిచింది. సాలులోకే దిగుతుందనుకుంది కౌసల్య. ఆ పిల్ల చేలోకి పోలేదు, గట్టు మీదికి పోయి త్రివేణి పక్కన కూర్చుంది.

"మొగ్గ ముట్టను. మా అమ్మ జాగల కూసుంట."

చేలో గిల్లడం ఆగలేదు. షరీఫున్నీసా ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగింది. చీకటి పడేలోగా చేనంతా అయిపోతుందని కౌసల్యకు తెలుసు. రేపూ ఆటోలు వస్తాయనీ తెలుసు. తన చెయ్యి ఇక బాగుపడదనీ తెలుసు.

జీపు కదిలింది. "రేపు నీ బిడ్డను గూడ తెస్తం," అన్నాడు కానిస్టేబుల్.

"తేండ్రి," అంది కౌసల్య. "ఠాణాకొస్తది, చేన్లకు రాదు. దాని చేతులింకా మంచిగున్నయి."