ఎత్తి చెప్పిన బరువు

గొర్రె బరువు చెప్పడానికి పెన్‌పహాడ్ గొర్రెల వ్యాపారి అంజన్నకు కాంటా అక్కర్లేదు. నడుము పట్టి ఒక్కసారి లేపితే అరకిలో అటూ ఇటూగా చెప్పేసేవాడు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషనై ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో సంతలో ఒక్క జీవాన్నీ లేపలేదు. లేపితే నాలుగు చుక్కల మూత్రం జారుతుంది. కళ్లతో చూసి కొనడం మొదలుపెట్టాక ఆయన మాట మీద బేరం తెగడం ఆగిపోయింది.

మిర్యాలగూడ దవాఖానలో ఏడాది పరీక్షకు వెళితే నర్సు ప్రమీల కాగితాలు చూసింది.

"క్యాన్సర్ జాడ లేదు పెద్దయ్యా. రక్తంల దాన్ని పట్టిచ్చే పీఎస్ఏ లేనట్టే. మరి మూత్రం గింత చిక్కగ ఎందుకుంది?"

భార్య రాములమ్మ అందుకుంది. "సంత రోజు నీళ్లు ముట్టడమ్మా. లారీ ఎక్కించే ముందు గొర్రెలకు ఆపినట్టు తనకూ ఆపుకుంటడు."

"గొర్రెకు ఆపరేషన్ కాలే గదా. నీళ్లు తాగకుంటే మూత్రం చిక్కబడి ఇంకా ఆగదు. మంచిగ తాగు. మూత్రం మధ్యల ఆపినట్టు కింద బిగబట్టుడు రోజూ మూడు పూటలా చెయ్యి. బరువు లేపేటప్పుడు ముందు బిగబట్టు, అటెంక లేపు."

"ఏడేండ్లయినంక ఏం లాభమమ్మా?" అన్నాడు అంజన్న.

"ఏడేండ్లు మోసినవ్. మూడు నెలలు చెయ్యలేవా?"

ఆ లెక్క అంజన్నకు నచ్చింది. ఆపరేషన్‌తో పోయినవాటిలో కొన్ని ఇక తిరిగి రావని ఆలుమగలిద్దరూ ఎప్పుడో తేల్చుకున్నారు. వచ్చేదాన్ని మాత్రం వదులుకోవడమెందుకు? టీ తాగుతూ, బస్సులో కూర్చుని, ఎవరికీ తెలియకుండా బిగబట్టాడు. తడి పీల్చడానికి లోపల పెట్టుకునే ప్యాడ్లు మూడు నెలలకు రోజుకు మూడు కాస్తా ఒకటికి దిగాయి.

కోదాడ సంతలో వ్యాపారి శంకర్ పొట్టేలును పట్టుకుని నిలబడ్డాడు. "ఏంది బావా, ఈసారి కూడా దూరం నుంచే చూసి పోతావా?"

అంజన్న ముందు బిగబట్టాడు. తర్వాతే లేపాడు. దించి ఒక్క క్షణం ఆగి చూసుకున్నాడు. పొడిగానే ఉంది.

"ముప్పైనాలుగున్నర."

కాంటా ముప్పైనాలుగు చూపింది. చుట్టుపక్కలవాళ్లు దగ్గరికొచ్చారు.

"అరకిలో తప్పావు బావా," అన్నాడు శంకర్.

"బరువు తూగాలని నువ్వు పొద్దున తాపిన నీళ్లే గా అరకిలో. కాంటా ఎక్కేముందే ఉచ్చ పోసింది. నీ చెప్పు సూస్కో."

శంకర్ వంగి చెప్పు చూసుకున్నాడు. సంతంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ అంజన్నే నవ్వాడు. నవ్వేముందు బిగబట్టడం గుర్తురాక రెండు చుక్కలు జారాయి. పోనీ, ప్యాడ్ ఉంది.

"ఇంకోదాన్ని పట్టుకరా," అన్నాడు.